జైనబ్‌కి పెట్టిన చలిమిడి

హౌవా మా ఇంటికి వచ్చి అమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చునేదాకా, మా అమ్మ ఒకప్పుడు యూనివర్సిటీలో పాఠాలు చెప్పిందన్న సంగతి ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఐర్లండ్‌లోని ఈ డ్రోహెడా ఊళ్ళో అమ్మంటే కిటికీ పక్క కుర్చీ. పొద్దున్నే కాఫీ, ఆ తరవాత పారాయణ, ఆ తరవాత ఎదురింటి మేరీ కుక్కని తిప్పడానికి బయల్దేరితే "ఈ వానలో ఆ నోరులేని జీవాన్ని చంపుకు తింటోందే" అని గొణుక్కోవడం. శాలువాలన్నీ హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే బట్టల అలమరలో, పెట్టుకుని ఏది ఎక్కువ వెచ్చగా ఉంటే అది తీసుకునేది. ఇక్కడి తెలుగువాళ్ళంతా ఆవిడను డాక్టరమ్మగారి తల్లిగానే ఎరుగుదురు. నేను ఈ ఊరి ఆసుపత్రిలోనే మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అమ్మ తన గురించి చెప్పుకునే రకం కాదు, మేము అడిగే రకమూ కాదు.

కిందటి వేసవిలో ఒక శనివారం వచ్చింది హౌవా. నైజీరియాలో మా చిన్నప్పుడు మేమున్న యూనివర్సిటీలోనే ఆవిడ ఇప్పుడు జెండర్ స్టడీస్ శాఖకి అధిపతి. గాల్వేలో సదస్సుకి వచ్చి, పనిగట్టుకుని బస్సులు మారి మా ఊరొచ్చింది. అంతకు ముందు నుంచే నాకు మెయిళ్ళు రాస్తోంది. తమ శాఖ ఎలా పుట్టిందో పుస్తకం వేస్తున్నారట, మొట్టమొదట పాఠాలు చెప్పినవాళ్ళలో బతికున్నది ఒక్క మా అమ్మేనట. తలుపు తీసిన మా అమ్మాయి శ్రావ్య, "మమ్, దేర్స్ ఎ లేడీ హియర్ ఫర్ అమ్మమ్మ. షీజ్ ఫ్రోజెన్, గాడ్ లవ్ హర్," అని కేకేసింది. వేసవే గాని ఐర్లండ్ వేసవి. హౌవా తడిసిన కోటు విప్పి, గదిలోకి వచ్చి, కుర్చీలో ఉన్న అమ్మ ముందు మోకాళ్ళ మీద వాలి "సన్ను, మామా" అంది. అది వాళ్ళ హౌసా భాషలో పెద్దవాళ్ళకి పెట్టే దండం. రాత్రి ఏం తిన్నదో మరిచిపోయే మా అమ్మ, తడుముకోకుండా అదే భాషలో జవాబిచ్చింది.

నాన్నగారు కెమిస్ట్రీ లెక్చరరుగా కాంట్రాక్టు మీద ఆ దేశం ఉత్తరాదికి వెళ్ళినప్పుడు నేను ఇంకా రెండు జడల పిల్లని. అమ్మ సోషియాలజీలో ఎం.ఏ. చేసింది. కానీ కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళ భార్యలు ఉద్యోగం చేయకూడదు. ఎం.ఏ. పట్టా పెట్టె అడుగున, పట్టుచీరల కింద ఉండేది. మాది రేకుల కప్పు ఇల్లు. చలికాలంలో ఎడారి వైపు నుంచి హర్మటాన్ గాలి వీస్తే సన్నటి దుమ్ము మంచినీళ్ళ బిందెలోకీ, మడతపెట్టిన దుప్పట్లలోకీ దూరేది. అమ్మ తడిగుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ ఉండేది. ఆ దుమ్ము వాసన, నూనెలో వేగే వేరుశనగల వాసన, నాన్నగారి చొక్కాకి అంటుకొచ్చే లేబరేటరీ వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. అయితే ఆ ఊరి బజారులో గోంగూర కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. వాళ్ళు యకువా అనేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు అమ్మ బజారు మధ్య నిలబడి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. గోంగూర అమ్ముకునే ఆడవాళ్ళు ఈవిడకేదో కష్టం వచ్చిందనుకుని చుట్టూ మూగి కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. అప్పటినుంచీ అమ్మకి బజారులో స్నేహితులే స్నేహితులు. వాళ్ళూ మొగుడి పేరు పలకరు, అమ్మా పలకదు. అంతకు మించిన చుట్టరికం ఏం కావాలి?

లరబా మేడమ్ కూడా ఆ గోంగూర దగ్గరే పరిచయమైంది. యూనివర్సిటీలో హోమ్ సైన్స్ చెప్పేది. ఎత్తుగా, పెద్ద గొంతుతో, నవ్వితే కిటికీలు అదిరేలా ఉండే మనిషి. ఆడవాళ్ళ బతుకుల గురించి ఒక కోర్సు పెట్టాలని ఆవిడ అడిగితే, మీటింగులో మగవాళ్ళు నవ్వి, పేరు లేని కోర్సుగా అనుమతిచ్చి, గది మాత్రం లేదన్నారు. ఆవిడ సరేనని హోమ్ సైన్స్ వాళ్ళ వంటగదిలో మొదలుపెట్టింది. పొడుగాటి సిమెంటు గట్టు, వరసగా స్టవ్‌లు, నల్లబడిన అల్యూమినియం గిన్నెలు. ఆ గట్టు చుట్టూ ఎత్తు బల్లల మీద అమ్మాయిలు. జీతం లేని పని గనక ఎవరికీ అభ్యంతరం ఉండదని అమ్మని కూడా చేర్చుకుంది. నాన్నగారు నవ్వేవారు. "ఏమండీ ప్రొఫెసరుగారూ, ఇవాళ ఆడవాళ్ళ పాఠం అయిపోతే మగవాడి ఆకలి పాఠం ఏమన్నా ఉందా?" అనేవారు. బయట మిగతా లెక్చరర్లు దాన్ని వంటింటి శాఖ అనేవారు. ఆ పేరు లరబా మేడమ్‌కి నచ్చింది.

లరబా మేడమ్ పద్ధతి ఒకటే. ఊళ్ళోకి వెళ్ళి ఏ ఆడమనిషినైనా ఏమన్నా అడగాలంటే, ముందు ఆవిడ చేస్తున్న పనిలో సగం తీసుకోవాలి. వేరుశనగలు ఒలుస్తుంటే ఒలవాలి, జొన్నలు దంచుతుంటే రోకలి అందుకోవాలి. కాగితం, పెన్ను బయటికి తీశారో ఆవిడ నోరు మూసుకుంటుంది. ఈ కిటుకు అమ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేతుల్లో పని ఉంటేనే నోట్లో మాట ఊరే ఇంట్లో పుట్టింది. బడి అయ్యాక నేను ఆ వంటగదిలో గట్టు చివర కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఒకరోజు అమ్మ బోర్డు మీద "మీరు ఎవరి ఇంట్లో ఉంటున్నారు?" అని ఇంగ్లీషులో రాసి వరసగా అడిగింది. మా నాన్న ఇల్లు, మా ఆయన ఇల్లు, మా అన్న ఇల్లు అని చెప్పుకొచ్చారు. "మా గోదావరి జిల్లాలోనూ అంతే," అని అమ్మ అనగానే అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ నవ్వులో అమ్మ కూడా నవ్వింది. ఇంట్లో అంత బిగ్గరగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

ఆ క్లాసులో చురుకైన పిల్ల జైనబ్. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్నతో ఉండేది. చదువుకి రాకముందే పెళ్ళయింది. భర్త వేరే ఊళ్ళో వ్యాపారం చేసేవాడు. చదువుకోమని పంపినవాడే, ఇంక చాలు వచ్చెయ్యమన్నాడు. ఆఖరి పరీక్షలకి ఒక టర్మే ఉంది. హాస్టలుకి మనుషులొస్తున్నారని తెలిసి ఒక సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. లరబా మేడమ్ ఊళ్ళో లేదు, లాగోస్‌లో ఏదో మీటింగుకి వెళ్ళింది. నా గదిలో చాప వేసుకుని పడుకునేది జైనబ్. పొద్దున్నే నా జడలు విప్పి సన్న సన్న పాయలుగా అల్లేది. స్కూల్లో అందరూ నవ్వుతున్నారని నేను ఏడిస్తే, నవ్వి మళ్ళీ రెండు జడలు వేసేది. సాయంత్రాలు వరండాలో పుస్తకం ముందు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకునేది. నాకు అక్క లేదు. ఆ కొద్ది రోజులూ ఉందనుకున్నాను.

ఒక సాయంత్రం ఆమె తండ్రి, భర్త తరఫు పెద్దాయన ఒకరు వచ్చారు. కేకలు లేవు, దౌర్జన్యం లేదు. తెల్లటి పొడుగు అంగీలు, కుట్టుపని చేసిన టోపీలు, వరండాలో చెప్పులు విడిచి కూర్చున్నారు. మంచినీళ్ళు తాగి, నాన్నగారి క్షేమం అడిగి, ఆ తరవాత తండ్రి మెల్లగా అన్నాడు. "పిల్ల పంతం మీద ఉంది. తల్లిలాంటి మీరు చెబితే వింటుంది. అల్లుడు మంచివాడు. ఒక బిడ్డ పుడితే అతనే మళ్ళీ చదువుకోమంటాడు." అచ్చం మా తాతయ్య మాట్లాడినట్టే మాట్లాడాడు. మా ఇళ్ళల్లో అలిగి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల కోసం ఇలాంటి పెద్దవాళ్ళు ఇలాగే వచ్చేవాళ్ళు, ఇలాగే మాట్లాడేవాళ్ళు. అలాంటప్పుడు తల్లి ఏం చెయ్యాలో అమ్మకి తెలుసు. ఆవిడ పుట్టి పెరిగిన ఇంట్లో అదే చేశారు. రేపు రండి, పంపిస్తానంది.

ఆ రాత్రి బియ్యం నానబోసింది. పొద్దున్నే నీళ్ళు వంచి, పక్కింటి వాళ్ళ రోలు తెప్పించింది. అమ్మకి ఆ పెద్ద రోకలి ఎత్తడం చేతకాకపోతే జైనబే అందుకుని దంచింది. దంచుతూనే ఉంది, అమ్మ పక్కన కూర్చుని పిండి జల్లిస్తూ నచ్చజెబుతూనే ఉంది. చేతుల్లో పని ఉండగా మాట్లాడే ఆ పద్ధతిలోనే. "పంతం పట్టకు తల్లీ. చదువెక్కడికి పోతుంది? ఒక పురుడు పోసుకో, వాళ్ళే పంపిస్తారు. కాదని తెగతెంపులు చేసుకుంటే రేపు నీకెవరున్నారు?" జైనబ్ మొదట ఎదురు చెప్పింది, తరవాత ఊరుకుంది, ఆఖరికి తల ఊపింది. అమ్మ బెల్లం పాకం పట్టి, యాలకుల పొడి, నెయ్యి వేసి చలిమిడి చేసి డబ్బాలో సర్దింది. ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు కడుపు చలవ కోసం పెట్టే చలిమిడి. తలంటి పోసి, తన చీరల్లో మంచిది ఒకటి తీసి చేతిలో పెట్టింది. ముసల్మానుల పిల్ల గదా అని బొట్టు మాత్రం పెట్టలేదు, గాజులు తొడిగింది. జైనబ్ కారెక్కుతూ అమ్మని కౌగలించుకుని ఏడ్చింది. సాగనంపేటప్పుడు ఆడపిల్ల ఏడవడం సహజమే గనక ఎవరం కంగారు పడలేదు.

లరబా మేడమ్ తిరిగొచ్చాక మా ఇంటికి వచ్చి, వరండాలోనే నిలబడి విషయమంతా వింది. కోపంతో అరుస్తుందని నేను తలుపు చాటున నక్కాను. అరవలేదు. "నువ్వు అరిచి గెంటేసినా బాగుండేది, శారదా. నా గుమ్మం ముందు కూర్చుని నా కోసం చూసేది. నువ్వు అంత ప్రేమగా పంపావు గనక ఇంకెక్కడికీ పోవాలని తోచలేదు పిల్లకి," అంది. కుర్చీ వేసినా కూర్చోలేదు. మరుసటి ఏడు వానాకాలం మధ్యలో జైనబ్ పోయిందని ఆవిడే వచ్చి చెప్పింది. మొదటి కాన్పు. ఊళ్ళోనే మంత్రసాని చేతుల్లో పెట్టారు, బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రి దూరం. బిడ్డా దక్కలేదు. అమ్మ అప్పుడు గోంగూర ఒలుస్తోంది. చేతిలో కాడ అలాగే పట్టుకుని ఉండిపోయింది.

ఇంక క్లాసుకి వెళ్ళదనుకున్నాం. లరబా మేడమ్ ఊరుకోలేదు. "నువ్వూ మానేస్తే నాకు ఇద్దరు పోయినట్టు," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మేము ఆ దేశం వదిలేదాకా అమ్మ చెప్పింది. బోర్డు మీద మాత్రం ఎవరి ఇంట్లో ఉంటున్నారన్న ఆ ప్రశ్న మళ్ళీ రాయలేదు. నేను మెడిసిన్ చదివి, ఇక్కడికి వచ్చి, ఎందరో తల్లులకి సిజేరియన్‌కి ముందు వెన్నులో సూది వేశాను. బిడ్డ అడ్డం తిరిగితే ఇక్కడ కాస్త హడావుడి, కాస్త నవ్వులు, అంతే. భర్త నీలం టోపీ పెట్టుకుని పక్కనే కూర్చుంటాడు. "షీల్ బి గ్రాండ్," అంటుంది మిడ్‌వైఫ్. నిజంగానే బాగుంటుంది కూడా. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో తెలియక చేతులు కడుక్కునేదాన్ని.

ఆ శనివారం హౌవా ఫోను బల్ల మీద పెట్టి రికార్డు నొక్కింది. ముందు తమ సంగతులు చెప్పింది. ఇప్పుడు శాఖకి సొంత భవనం, బోర్డు, ఎం.ఏ., పిహెచ్.డి. ఉన్నాయి. కంపాలా నుంచి, అక్రా నుంచి, కేప్ టౌన్ నుంచి మనుషులొస్తారు, వీళ్ళు అక్కడికి వెళ్తారు, ఒకరి పుస్తకాలు ఒకరు పాఠం చెబుతారు. పేరు కూడా పెట్టనివ్వని చదువు ఖండమంతా పాకిందని చెబుతుంటే అమ్మ మొహం వెలిగింది. ఆ తరవాత హౌవా గొంతు తగ్గింది. బయటి నుంచి వచ్చే సాయం ఆగిపోయింది. కొత్తగా వచ్చిన పైవాళ్ళు తమ శాఖని ఇంకో శాఖలో కలిపేస్తామంటున్నారు. ఇది పరాయి దేశాల చదువు, కాపురాలు కూల్చే చదువు అని ఫోన్లలో ప్రసంగాలు తిరుగుతున్నాయి. అందుకే ఈ పుస్తకం. ఇది ఈ నేల మీదే, మా ఆడవాళ్ళ వంటగదిలోనే పుట్టిందని చూపించాలి. "మా పిల్లలకి మొదటి రోజు చెప్పే పాఠమే జైనబ్ కథ, మామా. హాస్టలు నుంచి భర్త మనుషులు ఈడ్చుకుపోయిన జైనబ్ కథ," అంది.

అమ్మ ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత శాలువా సర్దుకుని, ఇంగ్లీషులో, ప్రతి మాటా విడివిడిగా పలికింది. "ఈడ్చుకుపోలేదమ్మా. ఎవరూ ముట్టుకోలేదు. మా ఇంటి నుంచి వెళ్ళింది. నేనే పంపాను."

హౌవా చెయ్యి చాచి ఫోను ఆపేసింది. అమ్మ ఆగలేదు. చలిమిడితో సహా అంతా చెప్పింది. ఇన్నాళ్ళుగా లోపల వల్లె వేసుకున్నట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పి, "ఇది రాయి. ఇన్నేళ్ళూ నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు అడగడానికి వచ్చావు. పుస్తకంలో నా పేరు పెట్టి రాయి," అంది.

హౌవా కుర్చీలోంచి దిగి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. "మామా, ఇది బయటికొస్తే వాళ్ళేమంటారో తెలుసా? చూడండి, ఈ చదువు మొదలుపెట్టినవాళ్ళే పిల్లని కాపురానికి పంపారు, మీకు మాత్రం ఎందుకీ చదువు అంటారు. లేకపోతే, భారతదేశపు ఆవిడ వేలు పెట్టి పిల్లని చంపిందంటారు. రెండిట్లో ఏదన్నా మమ్మల్ని మూసెయ్యడానికి చాలు. నా దగ్గర పిల్లలున్నారు. ఇళ్ళల్లో పోట్లాడి వచ్చినవాళ్ళున్నారు. శాఖ పోతే వాళ్ళు వెళ్ళేది ఇళ్ళకే." ఆవిడ కళ్ళలో నీళ్ళు అబద్ధం కాదు. నాకు మాత్రం కోపం ఆగలేదు. "నిజం చెప్పనివ్వని చదువు ఏం చదువండీ?" అన్నాను. అమ్మ నా వైపు చూసి, "నువ్వూరుకోవే. ఆవిడ చెప్పేది వింటున్నాను," అంది.

హౌవా నెమ్మదిగా, గౌరవంగా, అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు చెప్పింది. కిటికీ బయట వాన కురుస్తూనే ఉంది. అమ్మ మొదట తల అడ్డంగా ఊపింది, తరవాత ఊరుకుంది, ఆఖరికి సరేనంది. ఫోను మళ్ళీ వెలిగింది. అమ్మ గోంగూర గురించి, అల్యూమినియం గిన్నెల గురించి, సగం పని తీసుకునే పద్ధతి గురించి చెప్పింది. లరబా మేడమ్ నవ్వు గురించి చెప్పింది. జైనబ్ ఎలాంటి విద్యార్థిని అని హౌవా అడిగితే, "చాలా చురుకైనది," అంది, అంతటితో ఆపింది. వెళ్ళేటప్పుడు హౌవా ఒంగి దండం పెడితే తల నిమిరింది. ఆవిడ ఎక్కిన టాక్సీ వీధి మలుపు తిరిగేదాకా చూసి, "మంచి పిల్లే. పాపం ఏం చేస్తుంది?" అంది. నేను ఇంకా రుసరుసలాడుతుంటే విసుక్కుంది. "ఎందుకే అలా చిందులేస్తావ్? నువ్వేవో రాస్తావు గదా, రాసుకో. తెలుగులో రాసుకో. అక్కడ తెలుగు ఎవరికొచ్చు, వాళ్ళకి ఏ నష్టమూ రాదు."

చలికాలంలో అమ్మ పోయింది. నిద్రలోనే, ఈ ఊళ్ళోనే. హౌవా పుస్తకం ఆ తరవాత వచ్చింది. అట్ట బాగుంది. లోపల వంటగది ముందు లరబా మేడమ్, అమ్మ నిలబడి ఉన్న ఫొటో ఉంది. జైనబ్‌ని ఈడ్చుకుపోయారని ఉంది. శాఖ ప్రస్తుతానికి నిలబడిందని హౌవా రాసింది, ఆ మాట చదివి నేను సంతోషించాను కూడా. అబద్ధం మీద నిలబడిందని తెలిసీ సంతోషించాను. ఆ పిల్లలు ఇళ్ళకి పోకుండా ఉన్నారంటే అమ్మకి అంతకంటే కావలసింది లేదు. కానీ అమ్మ చెప్పుకోవాలనుకున్నది జైనబ్ మనుషుల ముందు. ఆ ఊళ్ళో జైనబ్ చెల్లెళ్ళ పిల్లలుంటారు, వాళ్ళ పిల్లలుంటారు. వాళ్ళెవరికీ అర్థంకాని భాషలో, జైనబ్‌ని ఎన్నడూ చూడని మీకు నేను చెప్పాను.